నా యాంప్‌లోంచి వాడి బేస్

శుక్రవారం, అబ్బాసియా గదిలో

ఈ సాయంత్రం సాల్మియాలో, ఈ గల్ఫ్ దేశంలోని మన తెలుగువాళ్ల పాటల కార్యక్రమం. వారమంతా డ్యూటీ దిగాక కూర్చుని బేస్ గిటార్‌కి కొత్త తీగలు వేశాను, దాని స్వరం సర్దే ప్రీయాంప్ సరిచూసుకున్నాను. బేస్ మోగించే స్పీకరు పెట్టె, నా యాంప్, భుజాన మోసుకెళ్లాను. తీరా వెళ్లాక కీబోర్డు శ్రీను, ఏడేళ్లుగా నా పక్కన వాయించినవాడు, మెల్లగా చెప్పాడు.

"బేస్ నా కీబోర్డు ట్రాకులోనే రికార్డయి ఉందండి బావగారూ. మీ యాంప్ ఉంచేయండి, అందులోంచి వదుల్తాను."

"మరి నేనేం చెయ్యాల్రా?"

"ముందు వరసలో కూర్చోండి. కుర్చీ ఏయించానండి."

కూర్చున్నాను. ఎవరూ వాయించని బేస్ నా యాంప్‌లోంచి వస్తుంటే ఒళ్లు మండిపోయింది. రెండో పాట మధ్యలో స్టేజీ వెనక్కి వెళ్లి దాని ప్లగ్గు పీకేశాను. అందరూ ఉలిక్కిపడతారనుకున్నాను. బేస్ లేకుండానే పాట అలాగే సాగిపోయింది, చప్పట్లు కూడా కొట్టారు. శ్రీను తలెత్తి చూడలేదు.

అంటే ఏడేళ్లుగా నేను వాయించింది వీళ్లలో ఒక్కరికైనా వినబడిందా? వచ్చేముందు శ్రీనునే అడుగుదామని దగ్గరికి వెళ్లాను. వాడేం చెబుతాడోనని భయమేసి, యాంప్ ఎత్తుకుని వచ్చేశాను.