రేకు మీద నా పేరు

ఆగస్టు 16, 2018. టెక్కలి

బోర్డు మీద నా పేరే రాస్తాను. దుర్గాభవాని అల్యూమినియం వర్క్స్. కిటికీలు కొలిచేది నేను, కోసేది నేను, బిగించేది నేను. మా ఆయన గోపి లారీ తోలుకుంటాడు, ఈ పని పట్టదు. షాపు గది వాళ్లన్న నరసింగరావు బావది. అయితే?

ఆడపేరు ఎట్టుకుంటే గిరాకీ వస్తాదేటి, రెండు వానలకి ఆ పేరు ఎలాగూ పోతాది, అప్పుడు మా పిల్లడి పేరు ఎడదాం అన్నాడట బావ. గోపి తలూపాడట. ఊపనీ.

అందరూ ఫ్లెక్స్ వేయించమంటున్నారు. అల్యూమినియం షాపుకి ఫ్లెక్స్ బోర్డా? సిగ్గు లేకపోతే సరి.

ఆగస్టు 17, శ్రావణ శుక్రవారం

బోర్డు కోసం కోసిన అల్యూమినియం రేకుకి ఎమిరీ పేపర్‌తో గరుకు పెట్టి, కడిగి ఆరబెట్టాను. రంగు తేవడానికి బజారుకి వెళ్లొచ్చేసరికి మా అత్త లక్ష్మణమ్మ దాని మీద అయిదు పసుపు బొట్లు పెట్టేసింది. నువ్వుల నూనెలో కలిపి మరీ. శుక్రవారం పూట కొత్త వస్తువుని బోడిగా ఉంచుతారేటే అంది. గుడ్డతో తుడిచేసి ప్రైమర్ వేశాను. పైన నీలం ఎనామిల్, తెల్ల అక్షరాలు. నా పేరు నాకే ముద్దొచ్చింది.

సెప్టెంబర్ 9

బోర్డు మీద రంగు ఊడింది.

సెప్టెంబర్ 9, సాయంత్రం

బావ కింద నిలబడి నవ్వాడు. అమ్మోరికే ఇష్టం లేదమ్మా, మనమేటి సేస్తాం అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నిచ్చెన వేసుకుని ఎక్కాను.

అయిదు చోట్ల ఊడింది. అయిదూ గుండ్రంగా ఉన్నాయి, ఒక్కోటి అత్త బొటనవేలంత. గుడ్డతో తుడిస్తే పసుపు పోయింది, నూనె పోలేదు. నూనె మీద రంగు ఎక్కడ పడుతుంది? అమ్మవారికి అంటగట్టాడు మహానుభావుడు.

సెప్టెంబర్ 10

అత్తకి చెప్పాను. నీ పేరు నానే సెరిపేసినానే అని ఒకటే ఏడుపు. సరిగ్గా తుడవనిది నేను కదత్తా అంటే ఇంకా ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, తనే చాకు పట్టుకుని, దింపిన బోర్డు మీద రంగు గీకడానికి కూర్చుంది.

సెప్టెంబర్ 12

థిన్నర్‌తో తుడిచాను. ఎమిరీ కొట్టాను. సబ్బుతో కడిగాను. నీళ్లు పోస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతున్నాయి, అంటే జిడ్డు ఇంకా ఉంది. మళ్లీ కడిగాను. రేకంతా నీళ్లు పరుచుకునేదాకా వదల్లేదు.

ఆరేదాకా అత్త కర్ర పట్టుకుని కాపలా. బావ వచ్చి, నున్నగా ఉందే అని చెయ్యి చాపాడు. ముట్టుకున్నావంటే ఇరగ్గొట్టేస్తానొరే, నువ్వూ నీ నూని సెయ్యీ అని లేచింది. కన్నకొడుకుని! నవ్వాపుకోలేక షట్టర్ వెనక్కి పోయాను.

అల్యూమినియాన్ని కరిచిపట్టే ఎచ్ ప్రైమర్, పల్చగా. దాని మీద రంగు రెండు కోటింగులు, పైన మళ్లీ నా పేరు.

సెప్టెంబర్ 16

గట్టిగా ఆరింది. ఇప్పుడు పెట్టత్తా అన్నాను. రంగు మీద అయిదు బొట్లూ పెట్టింది. బోర్డు మళ్లీ గోడకి ఎక్కించాను.

అక్టోబర్ 10

తుపానట. తిత్లీ అట దాని పేరు. దింపీసుకో, పోతాది అని బావ ఫోను. దింపితే ఓడినట్టే. దింపను. బోల్టులన్నీ మళ్లీ బిగించాను.

అక్టోబర్ 13

కరెంటు లేదు. కొబ్బరి చెట్లన్నీ నేల మీదే. బోర్డు లేదు. గోడకి రెండు బోల్టులు మిగిలాయి.

బావ వచ్చి చూశాడు. ఆ బోల్టులు తడిమి వెళ్లిపోయాడు. వెక్కిరించి ఉంటే బాగుండేది, తిట్టి పోసేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చాను.

అక్టోబర్ 15

కూర్మయ్య అని ఒక రైతు బోర్డుని సైకిల్‌కి అడ్డంగా కట్టి తెచ్చాడు. వరిచేలో బురదలో పడుందట. కడిగితే పేరు కనబడిందట. దుర్గాభవాని అంటే ఎవులు బాబూ అని సెంటర్లో మా బావనే అడిగాడట. మా మరదలే అన్నాడట బావ.

రేకు వంగిపోయింది. బొట్లు లేవు. అక్షరం ఒక్కటీ ఊడలేదు.

నిచ్చెన బావే పట్టుకున్నాడు. ఒంకర తియ్యవా అన్నాడు. తియ్యను అన్నాను.

అక్టోబర్ 18, దసరా

అత్త మళ్లీ అయిదు బొట్లు పెట్టింది. పెట్టుకోనీ. వానొస్తే పోయేవి అవే.