వేడి తెలియని కాళ్లు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మాదాపూర్‌లో నువ్వు మొదలుపెట్టిన భవనం ఆఖరి అంతస్తుకు వచ్చింది. నీ చోట నేనే మేస్త్రీని.

స్లాబు పోయడానికి పరిచి, ఎండకు కాలే సెంట్రింగ్ రేకుల మీద నువ్వు వట్టి కాళ్లతో నడుస్తుంటే “గవి కాళ్లా, ఇనుప సలాకలా?” అని మెచ్చుకునేవాళ్లం. షుగర్ నీ కాళ్ల నరాలను తినేసిందని పాదం పుండుపడి ముదిరాకే తెలిసింది. కాలు తీసేసినా నువ్వు దక్కలేదు.

నాకూ షుగరే. మొన్న కంటి దవాఖానలో కొత్త యంత్రంతో నల్లగుడ్డు మీది పొరలో నరాలు చూశారు. “పలచబడుతున్నాయండి. కాళ్లలోనూ మొదలై ఉండొచ్చు. ఈ పరీక్ష ఇంకా పరిశోధనలోనే ఉంది, అయినా కాళ్లు జాగ్రత్త” అంది డాక్టరమ్మ.

ఇవాళ బూట్లతో పైకెక్కాను. “ఏంది మేస్త్రీ, దొరవైనవా?” అని కూలీలు నవ్వారు. నీ కాలు ఎందుకు తీసేశారో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనివాణ్ని, అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. రేపటి నుంచి చెప్పుల్లేనివాళ్లను రేకుల మీదకు రానివ్వను.