ముందు ఆపడం

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నందిగామలో మా బడి సమ్మర్ క్యాంపుకి రోబోల పాఠాలు నన్నే రాయమన్నారు. "రోబోల కుస్తీ పెట్టండి మేస్టారూ, పిల్లలు ఎగబడతారు" అన్నారు హెడ్మాస్టరుగారు. సరేనని టేప్‌రికార్డర్ మోటార్లతో రెండు బండ్లు చేసి, ఇవాళ మనింటి అరుగు మీద గుద్దించి చూశా.

వంగి చూస్తున్న నీ కూతురి రిబ్బను ఒకదాని చక్రానికి చుట్టుకుంది. జడ లాగేస్తుంటే పిల్ల కెవ్వుమంది. సుత్తి అందుకుని ఆ బండిని తుక్కుతుక్కు చేశా. మోటారు ఆగిపోయాక కూడా కొడుతూనే ఉన్నా.

"బాబాయ్, స్విచ్చి ఉందిగా! ఎందుకు పగలగొట్టావు?" అంది, ఏడుస్తూనే.

పాఠాల్లోంచి కుస్తీ కొట్టేశా. మొదటి రోజు బండి నడపడం కాదు, ఆపడం నేర్పుతా. రాసింది ముందు పిల్లకే చూపించా. చదివి, "నాన్న తువ్వాలుని లాక్కున్న నూర్పిడి మిషన్‌కీ స్విచ్చి ఉందా?" అని అడిగింది.

జవాబు నీకు చెబుతున్నా. ఉందన్నయ్యా. మిషన్‌ని తిప్పే ట్రాక్టరు మీద, నా చేతి పక్కనే ఉంది. నేను దాన్ని వదిలేసి, కిందకి దూకి, నీ కాళ్లు పట్టుకుని లాగా.