దండంతో లేచే కొంగ

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. శంషాబాద్ విమానాశ్రయంలో చేతులు చాపి విమానాలకు దారి చూపేవాడివి. ఇప్పుడు నా పనీ చేతులతోనే. చేతులు ఊపుతూ ఆడే వీడియో గేమ్‌లు జనానికి తేలిగ్గా వస్తున్నాయో లేదో చూసి చెబుతాను.

ఇవాళ ఆడి చూడటానికి కొత్వాల్‌గూడ నుంచి కూరగాయలమ్మే యాదమ్మ వచ్చింది. చేతులు చాపితే తెర మీద కొంగ ఎగరాలి, దించితే వాలాలి. ఆమె ముందుగా తెరకు దండం పెట్టింది. అరచేతులు కలిస్తే ఆట ఆగిపోతుంది. మూడుసార్లు మొదలుపెట్టినా అదే జరిగింది.

"దండం పెట్టకు అవ్వా," అన్నాను.

"పెట్టకుంట ఎట్ల షురూ చేస్త బిడ్డా?" అంది.

నువ్వు గుర్తొచ్చావు. తోటివాళ్లు నవ్వినా, ఆగిన ప్రతి విమానానికీ దండం పెట్టేవాడివి. "గంత దూరంకెల్లి గంతమందిని మోసుకొచ్చింది గద," అనేవాడివి.

తప్పు యాదమ్మది కాదు, ఆటదే అని రిపోర్టులో రాశాను. సాయంత్రానికల్లా ఆట తయారుచేసేవాళ్లు దండంతోనే అది మొదలయ్యేలా మార్చారు.

అందరూ వెళ్లాక సరిచూద్దామని తెర ముందు నిలబడి చేతులు జోడించాను. మంచులోంచి వచ్చినట్టు తెల్లటి కొంగ మెల్లగా లేచింది. నీలాగే చేతులు చాపాను. దించితే అది వాలిపోతుంది.

చాలాసేపు దించలేదు బాపూ.