అట్టకు గుచ్చిన ఏడు బోల్టులు

తేదీ: పదిహేడు, గురువారం

గౌరవనీయులైన అల్లుడు గారికి,

మీ మామగారు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. మీరు కూడా ఆ పైపులైను సర్వే పనిలో, గుడారంలో, వేళకి తిని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ కారుకి మాత్రం క్షేమం లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

ఫోను ఉండగా ఉత్తరం దేనికని అనుకుంటారేమో. ఫోనులో నేను నాలుగు మాటలనగానే మీరు సరే మామయ్యగారూ అంటారు. ఐదో మాటకి అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కుంటుంది. కాగితమైతే అడ్డు చెప్పదు కదా. నేను తీరిగ్గా రాస్తున్నాను, మీరూ తీరిగ్గా చదవండి.

మొన్న సెలవుల్లో కారు కింద నీళ్ళు కారుతున్నాయని మీరు కనిపెట్టారట. సంతోషం. వాటర్ పంపు పోయిందని కూడా మీరే తేల్చారట. అదీ సంతోషమే. అక్కడితో ఆగి నాకో కబురు పెట్టి ఉంటే సరిపోయేది. నలభై రెండేళ్ళు మెకానిక్ షెడ్డు నడిపిన మామగారు ఒకడున్నాడు, వాడింకా బతికే ఉన్నాడు. అబ్బే, మనకెందుకు! కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు మీకో పానాల పెట్టె దొరికింది. ఫోనులో వీడియోలు చూసుకుంటూ ఐదు రోజులు విప్పారట. ఫ్యాను, బెల్టు, పుల్లీ, ఆఖరికి పంపు. ఈలోగా సెలవు అయిపోయింది, కొత్త పంపు రాలేదు. కన్నాలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు కట్టి, సూట్‌కేసు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ పని మా షెడ్డులో రెండు టీల మధ్య అయిపోయేది.

కొత్త పంపు వచ్చిందని అమ్మాయి చెబితే బయల్దేరి వచ్చాను. పాపం అది ఆస్పత్రి డ్యూటీకి రెండు బస్సులు మారి వెళుతోంది. వచ్చి మీ కారు షెడ్డు చూశాను. చూసి కాసేపు నిలబడిపోయాను. అలమారు నిండా అన్నం డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో సామాను, మూతల మీద కాగితాలు. ఒకదాని మీద "ఫ్యాను" అని రాసి ఉంది. ఫ్యానుని చూస్తే ఫ్యానని తెలియదా అల్లుడు గారూ? దాన్ని ఎవరైనా పప్పుగుత్తి అనుకుంటారని భయపడ్డారా?

అన్నిటికంటే గొప్పది ఆ అట్ట. చెప్పుల పెట్టె మూత మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో సరిగ్గా అక్కడే కన్నం పొడిచి గుచ్చారు. పక్కన నంబర్లు. ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక కూడా: "ఐదోది పొట్టి బోల్టు. ఇక్కడ పొడుగుది పెట్టకూడదు." ఉన్నవి ఏడు బోల్టులు. ఏడింటికి పటం గీసుకునేవాడు ఇంజిను ముట్టుకోవచ్చా? మేము లారీ ఇంజిను మొత్తం విప్పి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో కిరసనాయిల్లో పడేసేవాళ్ళం. బిగించేటప్పుడు అటు చూడకుండా చెయ్యి పెడితే ఏ బోల్టు ఎక్కడిదో వేళ్ళే చెప్పేవి. పని అంటే అది. మీది బడిపిల్లల డ్రాయింగు.

అందుకే అమ్మాయి చూస్తుండగానే ఆ ఏడూ పీకి నా డబ్బాలో వేశాను. మొగుడి పనికీ తండ్రి పనికీ తేడా ఏమిటో దానికి తెలియాలి కదా. అది వద్దంది. మీరు ఒక సాయంత్రమంతా కూర్చుని ఆ అట్ట చేశారట. నేను నవ్వాను. దానికి నవ్వు రాలేదు.

"ఆయన ఇదంతా చేసింది నువ్వు మెచ్చుకుంటావని, నాన్నా" అంది.

మెచ్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా అన్నాను. అబద్ధం చెప్పకూడదు, పంపుకీ ఇంజినుకీ మధ్య అంటుకుపోయిన పాత గాస్కెట్టు మాత్రం శుభ్రంగా గీకారు. ఎక్కడా మరక లేదు. ఇంట్లో అంట్లు తోమే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

ఇక జరిగింది వినండి. కొత్త పంపు పెట్టాను, బిగించాను, నీళ్ళు పోశాను. ఇంజిను ఒక్క తిప్పుకి అందుకుంది. అమ్మాయిని ఎక్కించుకుని రెండు వీధులు తిప్పాను. అది చాలా రోజులకి హాయిగా కూర్చుంది. ఇంటికొచ్చి దిగి చూద్దును కదా, కింద మళ్ళీ నీళ్ళు. పంపు ఊడదీసి చూస్తే ఐదో బోల్టు కన్నం దగ్గర ఇంజిను బాడీకే పగులు. సన్నగా, వెంట్రుకంత. వెల్డింగు మేస్త్రీని పిలిపించాను. ఇది అతికేది కాదు, బాడీ మార్చాల్సిందే అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎలా పగిలిందని అమ్మాయి అడిగింది. పని తెలియనివాడు బోల్టుని అడ్డదిడ్డంగా లాగితే పగలక ఏం చేస్తుందన్నాను. మీ ఆయన విప్పేటప్పుడే పగిలి ఉంటుంది, నీళ్ళు పోసేదాకా బయటపడలేదు అన్నాను. దాని మొహం ఎర్రగా అయిపోయింది. అప్పుడే మీకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను, మీ గొంతు నాకూ వినిపించింది. ఐదో బోల్టు దగ్గర పగిలింది, నువ్వేనా అని అడిగితే, ఐదోదేనా అని మీరు ఒకసారి తిరిగి అడిగారు.

"అయ్యుండొచ్చు. బిగుసుకుపోయిందని కాస్త గట్టిగా లాగాను" అన్నారు.

ఇక అది ఆగలేదు. వద్దన్నా విప్పావు, సగంలో వదిలేసి పోయావు, నిన్ను నమ్మి ఈ ఇంట్లో ఒక్క పనైనా అప్పజెప్పగలనా అని అడిగింది. మీరు క్షమించమన్నారు. అది ఫోను పెట్టేసింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మీరు చేసిన ఫోను ఒక్కటీ ఎత్తలేదు. బల్ల మీద మోగుతుంటే చూసి, బోర్లా తిప్పి పెడుతుంది. ఈసారి సెలవులకి ఇక్కడికి రావద్దు, మీ అక్కగారింటికే వెళ్ళు అని మెసేజీ కూడా పెట్టిందట. కారు గురించి కాదు నాన్నా, మనిషి మీద నమ్మకం పోయాక కలిసి ఉండి ఏం చెయ్యను అంటోంది. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో దాని నోట ఈ మాట నేను వినలేదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. సర్వే చెయ్యండి, లెవెళ్ళు కొలవండి, మీకొచ్చిన పని మీరు చేసుకోండి. పానాల పెట్టె ఎవరికైనా ఇచ్చేయండి. చేతకాని పని నెత్తికెత్తుకుంటే ఏమవుతుందో చూశారుగా.

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరే
మామగారు

తా.క.: పైదంతా పొద్దున రాశాను. అన్నం తిన్నాక మళ్ళీ చదివితే "మీ శ్రేయస్సు కోరే" అన్న చోట నాకే సిగ్గేసింది. ఉత్తరం చింపి ఇంకోటి రాద్దామనుకున్నాను. వద్దు, నేనెలాంటివాణ్ణో మీరు పూర్తిగా చదవాలి.

అటు చూడకుండా, వేళ్ళనే నమ్ముకుని ఐదో కన్నంలో పొడుగు బోల్టు పెట్టింది నేను. అది సగం వేలంత బయటే ఆగిపోయింది. మరలో మట్టి ఉందనుకుని, పానాకి గొట్టం తొడిగి బలంగా లాగాను. బోల్టు కొస గుచ్చుకుని కన్నం అడుగు టక్కుమంది. టార్చి పట్టుకున్న అమ్మాయికి ఆ చప్పుడేమిటో తెలియదు. నాకు తెలుసు. వెంటనే ఆ బోల్టు తీసి, పొట్టిది వెతికి పెట్టి, ఏమీ ఎరగనట్టు కారు నడిపాను.

ఏడాదిగా నా వేలికొసలకి స్పర్శ లేదు. షుగరు. విసుగొచ్చి షెడ్డు మూసేశానని అందరికీ చెప్పాను. అబద్ధం. పొట్టి బోల్టూ పొడుగు బోల్టూ తెలియక మూసేశాను. ఆ అట్ట ఎవరికైనా అవసరమంటే అది నాకే. దాన్నే నేను నవ్వుతూ పీకేశాను.

మీకిదంతా ఆ రోజే తెలుసు. మీరు విప్పారు తప్ప ఒక్క బోల్టు కూడా బిగించలేదు. విప్పుతుంటే కన్నం అడుగు పగలదని మీకు తెలుసు, అక్కడ పొడుగుది పెట్టకూడదని రాసింది మీరే. అయినా అయ్యుండొచ్చు అన్నారు. కూతురి ముందు నా తల వంగకూడదనే అన్నారు. పదకొండేళ్ళుగా మిమ్మల్ని చేతకానివాడంటున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి నేనే. నన్ను క్షమించండి నాయనా.

అమ్మాయికి ఎదురుగా చెబుదామని రెండుసార్లు పిలిచాను. మిమ్మల్ని తిట్టడానికి ఏనాడూ తడుముకోని నోరు, దాని ముందు పెగల్లేదు. అందుకని కవరు అంటించకుండా, డ్యూటీకి వెళ్తూ పోస్టు చెయ్యమని ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. నేను మీకేం రాశానో చూడకుండా అది పోస్టు డబ్బాలో వెయ్యదు. రెండో బస్సు దిగేలోపు చదివేస్తుంది. ఈ కాగితం మీకు చేరేసరికి దాని ఫోను వచ్చే ఉంటుంది. ఒకవేళ రాకపోతే నాకో కబురు పెట్టండి, నేనే దాని ఎదురుగా కూర్చుని, రాసి పెట్టుకున్న ఈ ఉత్తరం నకలు పైకి చదివి వినిపిస్తాను.