తడి ఆరనివ్వని బల్ల

శ్రావణ సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. దవాఖానా వరండా కడిగి వచ్చాను.

సీతా, నువ్వు పోయి నేటికి ఏడాది. మన కాన్పుల గది బల్లను పరీక్షించడానికి పోయిన వారం కొత్తగూడెం నుంచి ఒక మేడమ్ వచ్చింది. క్రిములు చంపే మందునీళ్లతో తుడవకముందు, తుడిచాక దూదిపుల్లలతో బల్లను రుద్ది తీసుకుపోయింది. ఇవాళ ఆ పుల్లల మీది క్రిములను పెంచిన గాజు పళ్లాలు తెచ్చి చూపించింది. రెండింటిలోనూ క్రిముల చుక్కలు దాదాపు ఒక్కతీరుగానే పెరిగాయి.

"మందు మంచిదే. తడి పది నిమిషాలన్నా ఉండాలె. వెంటనే పొడిగుడ్డతో తుడిచిందెవరు?" అని అడిగింది.

నేనే. తడి కనిపిస్తే శుభ్రం కాలేదని నా లెక్క. నువ్వున్నప్పుడూ నీ వెనకే వచ్చి తుడిచేవాణ్ణి. "ఆగరాదయ్యా, బల్లేమన్న పెండ్లికి పోతదా?" అని నవ్వేదానివి.

డాక్టరు, నీ చోట చేరిన సారమ్మ వైపు చూశాడు. "నీకెన్నిసార్లు చెప్పాలె?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. నేను బకెట్ పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం బల్ల తుడిచి తడిగానే వదిలాను. సారమ్మ ఆ పొడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీదే గదా అన్నా. దాచుకో" అన్నది.

తుడిచింది నేనేనని రేపు డాక్టరుకు చెప్పాలి. ఇంటికి వచ్చి గుడ్డ ఉతికి ఆరేశాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.