బీరువా వెనక వాకిలి

ప్రొద్దుటూరు,
18-2-1998.

పూజ్యులైన అత్తగారికి కోడలు ధనలక్ష్మి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ మనవరాలు గౌరికి దగ్గు తగ్గింది. బళ్ళారిలో మీరు, వదిన, పురిటి బిడ్డ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి జవాబులు: పసుపు ఎండింది, డబ్బాకెత్తాను. ఎలక్షన్ల పుణ్యమా అని అంగట్లో జెండా గుడ్డకు గిరాకీ బాగుంది. మీ అబ్బాయి రెండు పార్టీలవాళ్లకూ ఒకే నవ్వు నవ్వి కొలిచిస్తున్నారు. ఇక సామాను గదిలో బీరువా జరిపారా అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగారు. ఒక్కసారి అడిగి ఉంటే ఊరుకునేదాన్నేమో అత్తా. మూడుసార్లు అడిగితే నా బుద్ధి ఊరుకుంటుందా?

అయినా తప్పు నాది కాదు, చెమ్మది. బీరువా వెనక గోడ ఉబ్బితే మేస్త్రీ పీర్ సాహెబ్‌ను పిలిపించాను. వీధంతా ఇటుకల ఇల్లు అని చెప్పుకునే ఇల్లాయె, పాడు పెట్టుకుంటామా? వెల్ల గీకితే మీ మామగారు, మా ఆయన జేజినాయన, కట్టించిన సన్న ఇటుకల కమాను బయటపడింది. దాని కింద మనిషెత్తున లావు ఇటుకలు. అది గోడ కాదు, మూసేసిన వాకిలి.

ఆ గోడ మామగారు మేస్త్రీని పెట్టి కట్టించారని మీరు ఎప్పుడో అన్నారని చెబితే పీర్ సాహెబ్ నవ్వాడు.

"మేస్త్రీ యాడొచ్చినాడమ్మా? దారం పట్టల్యా, సున్నం ల్యా, వట్టి మన్ను. ఈడ సూడు, గాజులు."

నిజమే. అరచెయ్యి ఆనించి మన్ను మెత్తిన చోటల్లా గాజుల అచ్చులున్నాయి. నా గాజు ఆనించి చూశాను, పెద్దదైంది. దేవుని గూట్లో ఉన్న మీ పాత గాజు ఆనించాను, సరిగ్గా కూర్చుంది. మీ అబ్బాయిని అడిగితే, "ఎనకింటోళ్లతో పగ. ఆ గోడ ఊసు నీకేలే?" అన్నారు. వెనకింటి దిల్షాద్‌బీతో మాట్లాడవద్దని కాపురానికి వచ్చిన రోజే మీరూ చెప్పారు. పగ ఉంటే మేస్త్రీని పిలవాలిగానీ మీరెందుకు ఇటుకలు మోశారు? రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

అత్తా, ఇంతదాకా దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను, తిట్టినా పడతాను. పీర్ సాహెబ్ భోజనానికి పోయినప్పుడు ఒక ఇటుక ఊడదీశాను. దాని అవతలి అంచున మన్నులో ఇంకో అచ్చుంది. మెలిక తిరిగిన లావు కడియం. మీ చెయ్యి కాదు. నేను దాన్ని చూస్తుండగానే సందులో నుంచి మాట వినిపించింది.

"ఎవురూ? రామేశ్వరమ్మా?"

దిల్షాద్‌బీ! వాకిలి మూసిన పదమూడేళ్ల తర్వాత ఆమె నోట మొదట వచ్చింది మీ పేరే. కోడలినని చెప్పాను. ఆమె సందులోకి చెయ్యి పెట్టింది. అదే కడియం.

"మీ వీధి ఒక పార్టీ, మా వీధి ఇంగో పార్టీ పాపా," అంది. "కొడవండ్లు పట్టుకోని తరుముతాంటే ఒగడు మీ ఇంట్లోకి దూరి, ఈ వాకిట్లో నుంచి మా ఇంట్లోకొచ్చి తప్పించుకున్యాడు. తెల్లారి రెండు పార్టీలోళ్లూ వచ్చి, ఈ వాకిలి మాకోసరం తీసిపెట్టాలన్యారు. మగోళ్లు నోరు మెదపల్యా. మేమిద్దరమే కట్టేస్తిమి. ఆ పక్క మీ అత్త, ఈ పక్క నేను. ఉత్తగ కట్టేస్తే ఊరుకుంటారా? పగతో కట్టుకున్యారని నమ్మాలని వీధిలో నిలబడి తిట్టుకుంటిమి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"శానా బాగా తిట్టింది మీ అత్త. రంజానుకు నేనిచ్చిన సేమ్యా ఒగనాడూ తినలేదంట, ఆవుకు పోసిందంట. మిగిలినయన్నీ ఉత్తవని నాకు తెలుసు. అదొగటే తెలీదు. అడిగేదానికి మాటల్లేకపాయె. నువ్వన్నా అడుగు పాపా."

ఊరిని నమ్మించడానికి మానేసిన మాటలు మళ్లీ మొదలుపెట్టడం ఇద్దరికీ చేతకాలేదు కాబోలు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కంటిచూపు తగ్గుతోంది. నెలాఖరుకు కూతురు కడపకు తీసుకుపోతుందట, ఇక తిరిగి రాదట. అందుకే అడుగుతున్నాను. ఆ సేమ్యా మీరు తిన్నారా, ఆవుకు పోశారా? నిజమే రాయండి. వీలైతే మీరే వచ్చి చెప్పండి.

ఇటుక ఇంకా పెట్టలేదు. పీర్ సాహెబ్‌ను కూడా ఆగమన్నాను. నిన్న ఆ సందులో నుంచి గిన్నెడు సేమ్యా వచ్చింది. నేనూ గౌరీ అడుగు నాకి మరీ తిన్నాము. మన ఇంట్లో ఇప్పుడు ఆవు కూడా లేదు కదా అత్తా.

ఇట్లు,
ఇటుక చేత పట్టుకుని మీ జవాబుకు కాచుకున్న
మీ కోడలు,
ధనలక్ష్మి.